సాన, రత్నం: తెలుగు సాహిత్య చరిత్రలో సృజన-కళల భేదం

సాహిత్య విమర్శలో ‘సృజన’, ‘కళ’ అన్న మాటలు ఇప్పుడు జంటగా, చాలాసార్లు ఒకదానికి బదులు మరొకటిగా వాడుకలో ఉన్నాయి. ‘సృజనాత్మక కళ’, ‘కళాత్మక సృజన’ వంటి పదబంధాలు పీఠికల్లోనూ సిద్ధాంత గ్రంథాల్లోనూ విరివిగా కనిపిస్తాయి. అయితే ఎవరిని సృజనశీలి అంటున్నాం, ఎవరిని కళాకారుడంటున్నాం అని ఒక్కక్షణం ఆగి చూస్తే ఇవి పర్యాయపదాలు కావని తేలుతుంది. నవల రాసినవారు సృజనశీలి. ఒగ్గుకథ చెప్పినవారు కళాకారుడు. అవధానం చేసినవారిని అభిమానులు మహాకవి అంటారు, ఆక్షేపించేవారు గారడీ అంటారు. ఈ విభజన ఎప్పుడు ఏర్పడింది, ఏ ప్రమాణం మీద నిలిచింది, ఆ ప్రమాణం మన సాహిత్యానికి ఎంతవరకు న్యాయం చేస్తుంది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు. పదహారో శతాబ్దికి చెందిన వసుచరిత్ర, కళాపూర్ణోదయం అనే రెండు ప్రబంధాలు, 1914 నాటి ఒక విమర్శ గ్రంథం, అవధాన ప్రక్రియ, మల్లన్న కథ చెప్పే ఒగ్గు సంప్రదాయం ఇందుకు ఆధారాలు.

మాటల వెనుక చరిత్ర

‘కళ’ పాత మాట. చంద్రునిలో పదహారో వంతు కళ. నేర్చుకోదగిన విద్య కూడా కళే. వాత్స్యాయనుడు కామసూత్రాలలో పేర్కొన్న అరవైనాలుగు కళలలో గీతం, వాద్యం, నృత్యం, చిత్రలేఖనాలతో పాటు పూలు కట్టడం, పడక అమర్చడం, వడ్రంగం, రత్నపరీక్ష, పొట్టేళ్ల పందాలు, కోడిపందాలు కూడా ఉన్నాయి. అంటే అక్కడ కళ అంటే అభ్యాసంతో వశమయ్యే నేర్పు. ఆ జాబితాలోనే ప్రహేళికలు, సమస్యాపూరణం, మనసులోనే పద్యం కూర్చే మానసీ కావ్యక్రియ, ఛందోజ్ఞానం కనిపిస్తాయి. కావ్యరచన మాత్రం ఆ పేరుతో లేదు. పద్యం కట్టడానికి కావలసిన ఉపాయాలన్నీ కళలే గాని, కావ్యం కళల పట్టికలో ఇమడలేదు. భామహుడి మాటల్లో కావ్యానికి అంగం కాని శబ్దం గాని, అర్థం గాని, శాస్త్రం గాని, కళ గాని లేదు. ఆయన దృష్టిలో కళ కావ్యంలోకి వచ్చి చేరే సామగ్రి.

తెలుగు వాడుక మరొక దారి పట్టింది. ‘ముఖంలో కళ ఉంది’, ‘ఇంటికి పెళ్లికళ వచ్చింది’, ‘ఊరు కళ తప్పింది’ అంటాం. ఈ మాటల్లో కళ చేసినవాడి నేర్పు కాదు, వస్తువులో వెలిగే ప్రాణం. సంస్కృత శాస్త్రాలు కళను చేసేవాడి చేతిలో చూస్తే, మన ఇళ్లలోని మాట దాన్ని చూసేవాడి కంటికి అందే వెలుగుగా చూసింది. ఈ భేదాన్ని మన విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

‘సృజన’ సంగతి వేరు. సృజ్ ధాతువు నుంచి వ్యాకరణం ప్రకారం రావలసిన రూపం సర్జనం. విసర్జన, ఉపసర్జన అన్న మాటల్లో ఆ రూపమే నిలిచి ఉంది. ‘సృజన’ ఆధునికులు వాడుకతో స్థిరపరచుకున్న పదం. సృజించు అన్న క్రియ పాతదే అయినా దానికి కర్త సాధారణంగా బ్రహ్మదేవుడు. కవి చేసే పనికి పూర్వులు కల్పన, ఊహ, ప్రతిభ, శక్తి అన్న మాటలు వాడారు. 1966లో వరంగల్లు నుంచి ‘సృజన’ అన్న పేరుతోనే సాహిత్య పత్రిక మొదలయ్యేనాటికి ఆ మాటకు అర్థం చెప్పవలసిన అవసరం లేకపోయింది. బ్రహ్మ పని కవి పనిగా మారిన ఈ ప్రయాణంలోనే సృజనకు గౌరవం పెరిగింది, కళ ఒక మెట్టు దిగింది.

ప్రతిభ గొప్పదా, అభ్యాసం గొప్పదా అన్న చర్చ మాత్రం కొత్తది కాదు. దండి సహజప్రతిభ, నిర్మలమైన శాస్త్రపరిచయం, మందగించని సాధన మూడింటినీ కావ్యానికి కారణాలుగా చెప్పాడు. ఆ వెంటనే ఒక ముఖ్యమైన సడలింపు ఇచ్చాడు. కవిత్వశక్తి పలచనైనా శ్రమ చేసినవారు పండితగోష్ఠులలో చక్కగా సంచరించగలరని ఆయన అభిప్రాయం. ‘కావ్యం రాయగలరు’ అనలేదు, ‘గోష్ఠులలో మెలగగలరు’ అన్నాడు. సభలో నెగ్గడానికి, కావ్యం పుట్టడానికి మధ్య ఉన్న దూరాన్ని ఆ ఒక్క వాక్యం పట్టిస్తుంది. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువు అన్నాడు. మూలతః తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు ప్రతిభ ఒక్కటే కారణమని తేల్చి చెప్పాడు. ఈ మాట ఒక్కదాన్నే ఉదాహరించి ఆయనను సృజనవాదిగా నిలబెట్టే విమర్శకులు ఆయన తరువాత చెప్పినదాన్ని వదిలేస్తుంటారు. ఆ ప్రతిభ కొందరికి అదృష్టవశాన కలుగుతుందనీ, మరికొందరికి వ్యుత్పత్తి అభ్యాసాల వల్లనే పుడుతుందనీ ఆయన అన్నాడు. అంటే కళలోంచి సృజన పుట్టవచ్చు. ఈ అంగీకారం ఈ వ్యాసానికి చాలా అవసరం.

సానబట్టిన జాతిరత్నం

తెలుగులో ఈ చర్చకు అత్యంత స్పష్టమైన రూపం ఇచ్చినవాడు రామరాజభూషణుడు. వసుచరిత్ర అవతారికలో ఆయన కావ్యకథలను మూడు రకాల రత్నాలతో పోల్చాడు. కేవలం కల్పించిన కథలు కృత్రిమరత్నాలు. పూర్వకథలు ఉన్నవి ఉన్నట్టుగా గనిలో దొరికిన రత్నాలు. మంచి కవి కల్పనతో అలంకరించిన పూర్వకథలు సానదీరిన జాతిరత్నాలు. ఈ పోలికను మన తరగతి గదుల్లో ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అన్న వస్తువిభాగానికి ఉదాహరణగా చెప్పి ముందుకు సాగిపోతుంటాం. దానిలో సృజన గురించిన ఒక నిశ్చితమైన సిద్ధాంతం ఉంది.

ఈ పోలికలో కల్పన రెండుసార్లు వస్తుంది. ఒంటరిగా నిలిచినప్పుడు అది కృత్రిమం. పాతకథకు తోడైనప్పుడు అదే సాన. కాబట్టి రామరాజభూషణుడు కల్పనను తక్కువ చేయలేదు, దాని స్థానాన్ని మార్చాడు. కవి పని రాయిని పుట్టించడం కాదు, దానిలో ఉన్న వెలుగును బయటికి తేవడం. సానపట్టడమంటే పైపై మెరుగు పెట్టడమేనని మనం అనుకుంటాం. రత్నాల పని తెలిసినవారికి సంగతి వేరు. ఏ కోణంలో కోస్తే రాయి వెలుగుతుందో, ఏ కోణంలో పగులుతుందో ముందే చూడగలిగిన కన్ను ఉండాలి. చక్రం తిప్పడం నేర్పవచ్చు. ఆ కోణాన్ని చూడడం నేర్పడం కష్టం.

ఆయన కావ్యం దీనికి సాక్ష్యం. ఉపరిచరవసువు కథ భారతం ఆదిపర్వంలోనిది. శుక్తిమతి అనే నదికి కోలాహలమనే పర్వతం అడ్డుపడుతుంది, రాజు పర్వతాన్ని తన్ని తొలగిస్తాడు, నదీపర్వతాలకు పుట్టిన గిరికను పెళ్లాడతాడు. ఇంత చిన్న కథ ఆరాశ్వాసాల ప్రబంధమైంది. దానిలో శ్లేష విస్తారంగా ఉందని అందరికీ తెలుసు. శ్లేష ఒక అలంకారం, లక్షణగ్రంథాలు నేర్పే విద్య, అంటే కళ. అయితే ఈ కథలో నది నిజంగానే స్త్రీ, పర్వతం నిజంగానే పురుషుడు. ప్రకృతిని వర్ణించే పద్యం అదే సమయంలో వ్యక్తిని వర్ణించక తప్పని కథ ఇది. రెండర్థాల మాట ఇక్కడ అలంకారంగా వచ్చి చేరలేదు, కథ స్వభావమే దాన్ని కోరింది. భారతంలో ఎన్నో ఉపాఖ్యానాలుండగా శ్లేషకు ఇంతగా సరిపడే రాయిని ఏరుకోవడం సృజన. ఆ శ్లేషను పద్యపద్యానా నిర్వహించడం కళ.

తరువాతి కవులు వసుచరిత్రను అనుకరిస్తూ రాసిన ప్రబంధాలకు పండితులు ‘పిల్ల వసుచరిత్రలు’ అని పేరు పెట్టారు. ఆ పేరులో కొంచెం వెక్కిరింత ఉన్న మాట నిజమే. ఆ కవులు తెలివి తక్కువవారు కారు. శ్లేష, యమకం, పదాల నాదం, వర్ణనల వరుస అన్నీ నేర్చుకున్నారు, కొన్నిచోట్ల గురువును మించి నిర్వహించారు. వారికి చిక్కనిది శ్లేషకు కథలో ఉన్న కారణం. నది నదిగానే ఉండే కథలో రెండర్థాల పద్యం ఎంత గట్టిగా కట్టినా అది పనితనం దగ్గరే ఆగిపోతుంది. శిష్యుడు తీసుకుపోగలిగింది కళ, తీసుకుపోలేక మిగిలిపోయింది సృజన అని చెప్పడానికి మన సాహిత్యంలో ఇంతకన్నా మంచి ప్రయోగశాల లేదు. మూల రచన ఒకటి, దాని పద్ధతినంతా శ్రద్ధగా నేర్చుకున్న అనుకరణలు అనేకం, రెండూ మన చేతిలో ఉన్నాయి.

రామరాజభూషణుడు కృత్రిమమన్న కోవలోకి వచ్చే కావ్యాన్ని ఆయన కాలంలోనే పింగళి సూరన రాశాడు. కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. ఆ కథ భూమి మీద నిజమై నడుస్తుంది. సృష్టికర్త మాటే సృష్టి అవుతుంది. అదే కావ్యం మొదట్లో నారదుడు తుంబురుని గానానికి దక్కిన గౌరవం చూసి ఓర్వలేక సంగీతం నేర్వడానికి పూనుకుంటాడు. ద్వారకలో శ్రీకృష్ణుని భార్యల దగ్గర శిష్యరికం చేస్తాడు. శిష్యుడైన మణికంధరుడు, కలభాషిణి కూడా అతని వెంట ఆ విద్య నేరుస్తారు. ఒక కావ్యంలోనే సూరన రెండు మార్గాలను పెట్టాడు. బ్రహ్మకు గురువు లేడు, వినేవారుంటే చాలు. దేవర్షి అంతటివాడికి కూడా గురువు, కాలం, ఓర్పు కావలసి వచ్చాయి. మణికంధరుడే మరుజన్మలో కళాపూర్ణుడవుతాడు. నేర్చినవాడే బ్రహ్మ చెప్పిన కథకు నాయకుడు కావడం కాకతాళీయమని నేననుకోను.

ఇంకొక మాట. ‘పూర్తిగా కల్పితం’ అని మనం చెప్పుకునే ఈ కావ్యంలో నారదుని సంగీత శిష్యరికం కొత్తది కాదు, లింగపురాణంలోనూ అద్భుత రామాయణంలోనూ ఉన్న కథే. కేవల కల్పన అన్నది ఎక్కడైనా అంత కేవలంగా ఉంటుందా అన్న అనుమానం సూరనే కలిగిస్తాడు.

1914: కొలత మారిన సందర్భం

కట్టమంచి రామలింగారెడ్డి గారి ‘కవిత్వతత్త్వ విచారము’ 1914లో వెలువడింది. ఆ గ్రంథం సూరన కావ్యాలైన కళాపూర్ణోదయ, ప్రభావతీప్రద్యుమ్నాల విమర్శగా సాగుతుంది. కేంబ్రిడ్జిలో చదివివచ్చిన ఆ యువ విమర్శకుడు కవిత్వానికి ప్రాణం భావనాశక్తి అన్నారు. కథాసంవిధానం, పాత్రపోషణ, ఔచిత్యం అన్న కొలతలతో కావ్యాలను చూశారు. ఆ కొలతలకు సూరన నిలిచాడు. వర్ణనలే ప్రధానమైన ప్రబంధాలు నిలవలేదు. శబ్దాలంకారాల మోజునూ, అతిశృంగారాన్నీ ఆయన తీవ్రంగా దుయ్యబట్టారు.

ఆ గ్రంథం చేసిన మేలు చిన్నది కాదు. పద్యానికి ప్రతిపదార్థం చెప్పి అలంకారం పేరు పెట్టడమే విమర్శ అనుకున్న రోజుల్లో, కావ్యాన్ని ఒక నిర్మాణంగా చూడడం ఆయన నేర్పారు. మూడు శతాబ్దాలకు పైగా రామరాజభూషణుని నీడలో ఉన్న సూరనకు న్యాయం జరిగింది. అయితే ఆ న్యాయం చేయడంలో కొలతే మారిపోయింది. రామరాజభూషణుడు కృత్రిమరత్నమన్నది ఇప్పుడు అసలైన రత్నమైంది. ఆయన సాన అన్నది ఇప్పుడు ఉత్త పనితనమైంది. కథను కొత్తగా పుట్టించడం సృజన, ఉన్నకథను తీర్చిదిద్దడం కళ అన్న అభిప్రాయం ఇక్కడి నుంచే బలపడిందని నా నిర్ణయం. కట్టమంచి వారు ఈ మాటను ఇంత మొరటుగా అనలేదు. వారి తరువాత వచ్చిన పాఠ్యగ్రంథాలు మాత్రం అలాగే అర్థం చేసుకున్నాయి.

విశేషమేమంటే కట్టమంచి వారు విద్యార్థి దశలో రాసిన ‘ముసలమ్మ మరణము’ కల్పిత కథ కాదు. అనంతపురం సీమలో చెరువుకట్ట నిలపడానికి ప్రాణమర్పించిన స్త్రీ గాథ అది. బ్రౌను ప్రచురించిన అనంతపుర చరిత్రలో కథ ఉంది. ఆధునిక కావ్యాలకు ఆద్యమని పేరు పొందిన ఆ రచన రామరాజభూషణుని లెక్కలో సానబట్టిన జాతిరత్నమే. ఇది ఆయనలోని వైరుధ్యమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కవిగా ఆయన చేసిన పనిని విమర్శకుడిగా ఆయన ఇచ్చిన కొలత పూర్తిగా పట్టుకోలేకపోయిందని మాత్రమే. శ్రీమద్రామాయణ కల్పవృక్షం రాసిన విశ్వనాథ సత్యనారాయణ గారు తిరిగి రామాయణం ఎందుకన్న ప్రశ్నకు అవతారికలోనే సమాధానం చెప్పుకోవలసి రావడం కూడా ఈ మారిన కాలానికి గుర్తు. నన్నయ్యకు పాతకథను ఎత్తుకున్నందుకు ఇలాంటి సంజాయిషీ అవసరం కాలేదు.

అవధాన సభలో

మారిన కొలత పడిన రెండో చోటు అవధానం. ఇది మనకు ప్రాచీనమైన విద్యే. ప్రతాపరుద్రీయ వ్యాఖ్యాత కుమారస్వామి తన వంశంలోని పూర్వపు మల్లినాథుని శతావధానిగా పేర్కొన్నాడు. చిత్రభారత కర్త చరిగొండ ధర్మన్న శతావధాని. వసుచరిత్ర కర్తకే శతలేఖినీ పద్యసంధానం పేరిట బిరుదుంది. పంతొమ్మిదో శతాబ్దిలో మాడభూషి వేంకటాచార్యులు దీనికి కొత్త ఊపిరి ఇచ్చారు. తిరుపతి వేంకట కవులు దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) దాన్ని సంస్థానాలలోనూ పట్టణాలలోనూ జనం ఎగబడి చూసే ఉత్సవం చేశారు. ఆశుధారలో పేరుమోసిన కొప్పరపు సోదర కవులతో వారికి నడిచిన వివాదం ఆనాటి సాహిత్యలోకాన్ని రెండుగా చీల్చింది. ఆ వివాదం అంతా వేగం, ధారణ, తప్పొప్పుల చుట్టూ తిరిగింది. సృజన గురించి ఎవరూ పోట్లాడుకోలేదు. తమ మధ్య జరుగుతున్నది కళకు సంబంధించిన పోటీ అని ఇరుపక్షాలకూ తెలుసు.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. పద్యం అడిగిన ప్రతివారికీ ఒక్కో ఆవృత్తంలో ఒక్కో పాదం చెబుతూ, గంటలు లెక్కపెడుతూ, అప్రస్తుత ప్రసంగికి చమత్కారంగా బదులిస్తూ అవధాని నాలుగు ఆవృత్తాలు పూర్తిచేస్తారు. చివర పద్యాలన్నీ వరుసగా ధారణ చేస్తారు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే తరువాత రాకూడని అక్షరాన్ని పృచ్ఛకుడు చెబుతాడు. ఇక్కడ కావలసింది నిఘంటువంత పదసంపద, ఛందస్సు మీద పట్టు, చెదరని ఏకాగ్రత. వీటిని కళ అనడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు.

సమస్య దగ్గర మాత్రం విషయం చిక్కబడుతుంది. అసంబద్ధంగానో అనుచితంగానో ఉన్న ఒక పాదమిచ్చి, మిగిలిన మూడు పాదాలతో దాన్ని సంగతం చేయమంటారు. ఇందుకు తరతరాలుగా వస్తున్న కిటుకులున్నాయి. పై పాదం చివర ఒక అక్షరం చేర్చి మాట విరుపు మార్చడం ఒకటి. ఆ అసంగతమైన మాటను మూర్ఖుడెవరో అన్నట్టు చెప్పడం మరొకటి. ‘అట్లనుట తప్పు’ అని తోసిపుచ్చడం ఇంకొకటి. ఇవన్నీ నేర్పగలిగినవి. ఒక అష్టావధానంలో నేను పృచ్ఛకస్థానంలో కూర్చుని ఇచ్చిన సమస్యను అవధాని మూడో కిటుకుతో తేల్చేశారు. చప్పట్లు మోగాయి. వారం తిరగకుండా ఆ పద్యం నాకే గుర్తు లేదు. మరొక పృచ్ఛకుని సమస్యను ఆయన ఏ కిటుకూ లేకుండా, ఆ పాదం ఉన్నది ఉన్నట్టుగా సహజమైన మాట అయ్యే ఒక సందర్భాన్ని మూడు పాదాల్లో నిలబెట్టి పూరించారు. సభ ఒక్కక్షణం చప్పట్లు మరచిపోయింది. అదే పీఠం, అదే అవధాని, అదే ఛందస్సు. మొదటిది కళ, రెండోది సృజన. ఆ రెండోది రావడానికి మొదటిదాన్ని వేలసార్లు చేసి ఉండాలన్నది కూడా అంతే స్పష్టం. అభ్యాసం వల్ల ప్రతిభ పుట్టవచ్చునన్న జగన్నాథుని మాట నాకు అర్థమైంది ఆ సభలోనే.

తిరుపతి వేంకట కవుల పేరును జనం నాలుకల మీద నిలిపినవి శతావధానాల పద్యాలు కావు, పాండవోద్యోగ విజయాల నాటక పద్యాలు. చదువురానివారు సైతం పొలం గట్ల మీద ఆ పద్యాలు రాగం తీసి పాడారు. ఆ నాటకాల కథ భారతంలోనిది, కల్పితం కాదు. భాష మాత్రం ఎదుటివాడితో తగవుపడే తెలుగు. ఆ ధార అవధానంలో సిద్ధించిందే. వేలమంది ఎదుట అప్పటికప్పుడు అర్థమయ్యేలా పద్యం చెప్పవలసి వచ్చిన కవులకు సభ నేర్పిన సూటిదనం అది. అవధానాన్ని గారడీ అని తోసిపుచ్చే విమర్శకుడు ఆ నాటక పద్యాలను మెచ్చుకునేటప్పుడు వాటి పుట్టుక ఎక్కడిదో కూడా చూడాలి. మచిలీపట్నం హిందూ హైస్కూలులో చెళ్లపిళ్ల వారి శిష్యులైన విశ్వనాథ వారికి, పింగళి కాటూరి కవులకు ఆ గురువు నుంచి అందింది పద్యం మీద అధికారం. వేయిపడగలు, సౌందరనందం వారి సొంతం.

ఇల్లు వేరు

కొలత తప్పుగా పడిన మూడో చోటు వల్ల జరిగిన నష్టం ఎక్కువ. ‘సృజన’ అచ్చులోని రచయితకు, ‘కళ’ నోటితో చెప్పేవారికి అని మనకు తెలియకుండానే పంచిపెట్టాం. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో చేసిన పరిశోధన 1958లో ‘తెలుగు జానపద గేయసాహిత్యము’గా వెలువడింది. పాటను సాహిత్యమని పిలవడానికి ఆనాడు కొంత తెగువ కావలసి వచ్చింది. 1992లో వచ్చిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారి విలువైన గ్రంథం పేరు ‘తెలుగువారి జానపద కళారూపాలు’. అది ప్రదర్శనల గురించిన గ్రంథం కనుక ఆ పేరు దానికి తగినదే. విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికల్లో స్థిరపడింది మాత్రం రెండో పేరే. ఒగ్గుకథ, శారదకాండ్ర కథ, పటం కథలు ‘కళారూపాలు’ అన్న విభాగంలో చేరాయి. విద్యార్థి అక్కడ వాయిద్యాల పేర్లు, వేషధారణ, ప్రదర్శించే కులం వివరాలు చదువుతాడు. కథ చెప్పినవాడు చేసిన కల్పన ఏమిటన్న ప్రశ్న ఆ విభాగంలో రాదు. ప్రబంధకవికి వేసే ప్రశ్నను ఒగ్గు కథకునికి మనం వేయం.

కొమురవెల్లి పరిసరాల్లో క్షేత్రపరిశోధన చేస్తున్నప్పుడు ఒకే బృందం రెండు వేర్వేరు ఊళ్లలో చెప్పిన మల్లన్న కథను రికార్డు చేసుకున్నాను. డోలు, తాళాల నడుమ ప్రధాన కథకుడు చెబుతుంటే పక్కనున్నవారు వంత పాడుతూ, మధ్యలో ప్రశ్నలు వేస్తూ కథ నడిపారు. మొదటి ఊళ్లో మేడలమ్మ పెళ్లి ఘట్టం త్వరగా ముగిసింది. గొల్ల కేతమ్మ వైపు కథ సాగింది. రెండో ఊళ్లో అదే పెళ్లి ఘట్టం చాలాసేపు నడిచింది. పుట్టింటి నుంచి మేడలమ్మ వెళ్లిపోయే చోట కథకుడు తల్లి మాటలు, చెల్లెలి మాటలు, చివరకు ఇంట్లోని రోకలి, చేట పలికినట్టుగా కూడా పెంచాడు. కూర్చున్న ఆడవాళ్లు కొంగు కళ్లకద్దుకోవడం చూశాను. మరునాడు పొద్దున, కథ అదే అయినా అంత పొడుగు ఎందుకైందని అడిగాను. ఆ పెద్దాయన నవ్వి, “కథ గదే బిడ్డా, ఇల్లు వేరే” అన్నారు. కథ పెట్టించుకున్న ఇంట్లో నెలలోపల ఆడపిల్ల పెళ్లి ఉందని అప్పుడు తెలిసింది.

డోలు దరువు, వంత పద్ధతి, మల్లన్న కథ వరుస, మధ్యమధ్య వచ్చే స్థిరమైన మాటల కట్టు ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్నవి. ఆయన కొడుకు ఇప్పుడు ఆయన దగ్గర నేర్చుకుంటున్నాడు. ఇదంతా కళ. దాన్ని ఆ పేరుతో పిలవడం తక్కువ చేయడమేమీ కాదు. రోకలికి మాట వచ్చిన ఆ ఘట్టం మాత్రం తండ్రి చెప్పింది కాదని ఆయనే అన్నారు. అది ఆ ఇంటి కోసం ఆ రాత్రి పుట్టింది. గనిలో రాయి పాతదే, కోసిన కోణం కొత్తది. భారతంలోని చిన్న ఉపాఖ్యానాన్ని ఏ ముఖం నుంచి కోయాలో చూసిన రామరాజభూషణుని పనికి, ఈయన పనికి స్థాయిలో, భాషలో, శ్రోతల చదువులో భేదం చాలా ఉంది. జాతిలో భేదం ఉందని నిరూపించగలిగే ప్రమాణం నాకు దొరకలేదు. ఆశ్వాసాల్లోకి ఎక్కినందువల్ల ఒకటి సృజన, తెల్లవారితే గాలిలో కలిసినందువల్ల మరొకటి కళ అన్నది సాహిత్యప్రమాణం కాదు, కాగితం మీద ఉన్న గౌరవం.

ఇందుకు ఒక అభ్యంతరం ఉంది. మార్పు చేసినంత మాత్రాన సృజన అవుతుందా? కాదు. రికార్డుల్లో కథకుడు పొడిగించిన చోట్లన్నీ ఇలాంటివి కావు. కొన్నిచోట్ల ఆయన వంతపాటగాడు దమ్ము తీసుకోవడానికి పాత వర్ణననే రెండోసారి చెప్పారు. ఊరి పెద్దలు ఆలస్యంగా వస్తే వారి కోసం కథను వెనక్కు తీసుకెళ్లి మళ్లీ అందుకున్నారు. అవి అనుభవజ్ఞుడైన కళాకారుని ఉపాయాలు, సమస్యాపూరణంలోని కిటుకుల వంటివి. ప్రబంధాల్లోనూ సూర్యోదయ, చంద్రోదయ వర్ణనల్లో చాలా భాగం ఈ కోవలోకే వస్తుంది. వాటిని సృజన అని పొగడనక్కర లేదు. ఏది కిటుకు, ఏది కోత అని పాఠం పాఠంగా విడదీసి చూపడమే పరిశోధకుని పని. ప్రబంధానికి ఆ పని చేయడానికి మనకు వ్యాఖ్యానాలు, లక్షణగ్రంథాలు, పిల్ల వసుచరిత్రలు ఉన్నాయి. ఒగ్గుకథకు కావలసింది ఒకే కథకుడు అనేక రాత్రులు చెప్పిన ఒకే ఘట్టం పాఠాలు. మన సేకరణల్లో ఒక కథకు ఒక పాఠం ఉంటే చాలనుకునే అలవాటు ఉంది. ఒక్క పాఠంలో కళ తెలుస్తుంది, సృజన తెలియదు. రెండో రాత్రి పాఠం పక్కన పెట్టినప్పుడే రోకలి మాట్లాడిందన్న సంగతి బయటపడింది.

రికార్డుతో పాటు నింపవలసిన వివరాల పత్రంలో కళారూపం, కళాకారుని పేరు, కులం, వాయిద్యాలు, ప్రదర్శన స్థలం అని గడులున్నాయి. కర్త అన్న గడి లేదు. ప్రస్తుతానికి మేడలమ్మ అప్పగింతల ఘట్టాన్ని రెండు రాత్రుల పాఠాలనూ ఎదురెదురుగా వేసి రాసుకుంటున్నాను. అదే కథకుని మూడో పాఠం కోసం వచ్చే జాతర దాకా ఆగాలి.